మొన ఎందుకు అడిగాను

కోవిల్‌పట్టిలో ఒక కమ్మరి ఆసారి కొలిమి దగ్గర గీతలు కొట్టిన నోటుపుస్తకం ఉంటుంది. కొన్నవాళ్ళ పేరు, ఊరు, ఫోను నంబరు, చివరి గడిలో దేనికి కొన్నారన్నది. కత్తులు, కొడవళ్ళు చేసేవాళ్ళంతా ఇలా రాసి ఉంచాలని 2021 సెప్టెంబరులో తమిళనాడు పోలీసులు చెప్పారు. నేను వెళ్ళిన రోజు ఆసారి పెన్ను నా చేతికిచ్చి, "ఎదుక్కు అణ్ణాచ్చి?" అన్నాడు. దేనికి అన్నయ్యా అని. నేను తడుముకోకుండా "గోతాల పురికొస కోయడానికి" అని రాశాను.

రాసింది జరిగే పనే. విరుదునగర్‌లో పప్పుల మండీలో ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. రోజూ కోవిల్‌పట్టి నుంచి పొద్దున రైలెక్కి పోవడం, రాత్రికి తిరిగి రావడం. లెక్కలవాడినైనా బస్తా మూతి విప్పాలి, మచ్చు తీసి సంచి కట్టాలి, పురికొస తెంపాలి. అయినా ఆ గడిలో రాస్తున్నంతసేపూ పక్కవాడి కాగితం చూసి పరీక్ష రాసే పిల్లవాడిలా ఎడమచేతిని అడ్డం పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు తట్టలేదు. తట్టినా పక్కకు నెట్టి ఉంటాను. ఇప్పుడు కూర్చుని ఆ గడిని మళ్ళీ నింపాలని ఉంది.

నేను చేయించుకున్నది మెడలో వేలాడే కత్తి. అలాంటిది చాలామంది చూసి ఉండరు. ఇది మడిచే చాకు కాదు. అలుగూ పిడీ ఒకే ఇనుపముక్క, అలుగు మూడు అంగుళాలు. ఒర తలకిందులుగా వేలాడుతుంది, పిడి బొడ్డువైపు ఉంటుంది. కత్తిని పడిపోకుండా పట్టి ఉంచేది ఒర బిగువే. కిందికి లాగితే ఊడి చేతికొస్తుంది. చొక్కా లోపల వేసుకుంటే మెడ దగ్గర నల్లతాడు తప్ప బయటికి ఏమీ కనిపించదు.

ఎందుకు మెడలో అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు ఉండేది. నేను కట్టేది పంచె. పంచెకు జేబు లేదు. చొక్కా జేబులో ఫోను, పెన్ను, చిట్టీలు. మడత చాకు కొన్నేళ్ళు వాడాను. పప్పు దుమ్ము, గోనె పీచు కీలులో చేరి బిగుసుకుపోయేది. ఒకసారి వేలి మీదే ముడుచుకుంది. కీలు లేని కత్తిని నీళ్ళతో కడిగి తుడిస్తే చాలు. ఈ వాదనలో ఒక్క మాట కూడా తప్పు లేదు.

అయితే మా తాత కూడా పంచె కట్టినవాడే. ఆయన చాకు మొలతాడుకు కట్టి, పంచె మడతలో ఉండేది. వక్క ముక్కలు చేయడానికి, వేపపుల్ల చెక్కడానికి, మేక గిట్టలో ముల్లు తీయడానికి అదే. ఆయన పోయినప్పుడు మొలతాడు తెంపింది కూడా ఆ చాకుతోనేనని మా నాయిన చెప్పేవాడు. ఆ మడత నా పంచెకూ ఉంది. అక్కడ కాకుండా మెడలోనే ఎందుకు?

కత్తి కోసం మూడు నెలలు వెతికాను. నా కూతురికి కాలేజీ వెతికినప్పుడు కూడా ఇన్ని రాత్రులు కూర్చోలేదు, ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తుంది. ఇంట్లోవాళ్ళు పడుకున్నాక ఫోనులో కత్తులు చూసేవాణ్ణి. స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరు మీద వచ్చే కత్తుల్లో ఎల్‌డ్రిస్ అనే చిన్నది ఉంది, అలుగు 59 మిల్లీమీటర్లు. అమెరికావాళ్ళ ఇజులా ఉంది, తూటా తగిలినంత నొప్పి పుట్టించే ఒక అడవి చీమ పేరు దానికి పెట్టారు. దాని ఉక్కు 1095 రకం కర్బనపు ఉక్కు. అలాంటి ఉక్కుకు పదును తేలిగ్గా ఎక్కుతుంది, చెమట తగిలితే మాత్రం తుప్పు పడుతుంది. క్రోమియం ఎక్కువగా కలిపినది తుప్పును ఆపుతుంది కానీ సానరాయి మీద ఓపిక అడుగుతుంది. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడ్డ 5,300 ఏళ్ళనాటి మనిషి దగ్గర చెకుముకిరాతి చాకు, దానికి అల్లిన ఒర దొరికాయని చదివి, ఎవరో నా తరఫున సాక్ష్యం చెప్పినట్టు సంతోషించాను. పురికొస తెంపే చాకుకు అంత పాత సాక్షి ఎందుకు కావలసి వచ్చిందో ఆగి అడుక్కోలేదు.

చట్టం కూడా చదివాను. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు. అలుగు 9 అంగుళాల పొడవు దాటినా 2 అంగుళాల వెడల్పు దాటినా ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటికీ సేద్యానికీ పరిశ్రమకూ చేసినవాటికి మినహాయింపు ఉంది. నాది మూడు అంగుళాలు. ఈ అంకెలు కంఠతా పట్టాను. నన్ను ఏ పోలీసూ ఎక్కడా ఆపలేదు, ఆపే సూచనా లేదు. మా తాత తన చాకును ఎన్నడూ కొలిచి ఉండడు. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు కట్టుకుని తిరిగానంటే, ఆ ప్రశ్న నా లోపలే ఎవరో అడుగుతూ ఉండాలి.

నన్ను పట్టించింది మాత్రం మొన. వెతికినవాటిలో నా పనికి అచ్చంగా సరిపోయేవి కొన్ని కనబడ్డాయి. వాటి అలుగుకు చివర మొన ఉండదు, వీపు గొర్రె గిట్టలా కిందికి వాలి ఆగిపోతుంది. ఓడల మీద తాళ్ళు కోసేవాళ్ళకు ఆ తీరు పాతకాలం నుంచి ఉంది. ఊగే ఓడ మీద మొన ఉంటే తెరచాపలోనో పక్కవాడి ఒంట్లోనో దిగుతుంది. గోనె బస్తాకూ అంతే. పురికొస కింద అలుగు దూర్చి పైకి లాగాలి, మొన తగిలితే గోనె చిరిగి కందిపప్పు కారుతుంది. ఈ సంగతి నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. తెలిసి కూడా అలాంటి కత్తి తెర మీదికి వచ్చిన ప్రతిసారీ వేలితో పక్కకు తోసేశాను. చూడ్డానికి బాగాలేదు అనుకున్నాను. అందం అనే మాటతో లోపలి కోరికను కప్పేశాను.

చివరికి బయటి కత్తి ఏదీ కొనలేదు. ధర ఒక కారణం. మన ఊరి కొలిమిలో చేయించుకున్నానని చెప్పుకోవచ్చన్న గొప్ప ఇంకో కారణం. లారీ స్ప్రింగు పట్టా ముక్కతో చేయమని ఆసారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కొట్టంలో వరసగా వేలాడే ఇనుములో ప్రతి ఆకారానికీ ఒక పని ఉంది. తాటిచెట్టు ఎక్కేవాడి కత్తి గెలను పొరలు పొరలుగా గీయడానికి పల్చగా ఉంటుంది, దాన్ని నడుముకు కట్టిన పెట్టెలో పెట్టుకుని ఎక్కుతాడు. సర్కారుతుమ్మ కొట్టే కొడవలి బరువుగా, ముక్కు వంచుకుని ఉంటుంది. మేకల కాపరి పొడుగాటి గడ చివర బిగించేది వేరు, అరిటాకు కోసేది వేరు. ఏ పనికో చెబితే చాలు, ఆకారం ఆయనే చెబుతాడు. నేను పనీ చెప్పాను, ఆకారమూ కాగితం మీద గీసి ఇచ్చాను. ఆయన రెండూ చూసి, "గోతానికి మొన ఏంటికి అణ్ణాచ్చి? సంచి చిరగదా?" అన్నాడు.

మూడు నెలలు నేను దాటేసిన ప్రశ్న అది. ఉండనీయండి, పండ్లు కోసుకోవడానికి పనికొస్తుంది అన్నాను. సాత్తూరు స్టేషనులో లేత దోసకాయలు కొనుక్కుని రైల్లో కోసుకుంటానని కూడా చెప్పాను. సాత్తూరులో దోసకాయ అమ్మేవాళ్ళే చీల్చి ఉప్పుకారం రాసి చేతికిస్తారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇంకేమీ అనకుండా పట్టాను కొలిమిలో పెట్టాడు.

ఆ మొన వెనక ఒక రాత్రి ఉంది.

ఐదేళ్ళ కిందట ఇంటిల్లిపాదీ విరుదునగర్‌లో నూనె పరోటా తినడానికి వెళ్ళాం. అక్కడి పరోటాను పెనం మీద కాల్చి వదలరు, నూనెలో మునిగేలా వేయిస్తారు, గిల్లితే పెళపెళలాడుతుంది. మా పిల్లలకు అది పండగ. ఆ కొట్లో బెంచీ మీద చోటు గురించి మాటా మాటా పెరిగింది. సగం తప్పు నాది. నేనే ముందు అరిచాను, నా వయసు చూపించి అరిచాను. ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు లేచి నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. కొట్టలేదు. ముఖం దగ్గరికి లాక్కుని, "పెద్దాయనవని వదిలేస్తున్నా" అన్నాడు.

నేను నవ్వాను. నన్ను ఇన్నేళ్ళూ తిన్నది ఆ నవ్వే. దవడలు బిగుసుకుని, కళ్ళు కిందికి వాలి, ఎదుటివాణ్ణి బతిమాలుకునే నవ్వు. నా కొడుక్కి అప్పుడు పన్నెండేళ్ళు. పళ్ళెంలోకే చూస్తూ కూర్చున్నాడు. తాను చూడలేదని నేను అనుకోవాలని వాడు అలా కూర్చున్నాడు. తిరుగు రైల్లో నేను దారంతా మాట్లాడుతూనే ఉన్నాను, ఏవేవో, పప్పుల ధరల గురించి కూడా.

మా నాయినకు కోపం వస్తే ఊరికంతా తెలిసేది, పొద్దు గుంకేలోగా పోయేది. నా కోపం అలాంటిది కాదు. లోపల కూర్చుంటుంది, మర్యాదగా ఉంటుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ రాత్రి తరువాత నా ఊహలో ఆ కాలరు ఎన్నిసార్లు పట్టుబడిందో లెక్క లేదు. ప్రతిసారీ నేను నవ్వేవాణ్ణి కాదు. నా చెయ్యి దేనికోసమో లేచేది. ఏది తీయాలో తెలియక అక్కడ ఊహ ఆగిపోయేది. కత్తి ఎక్కడ వేలాడాలో పంచెకు జేబు లేకపోవడం నిర్ణయించిందని అందరికీ చెప్పాను. నిర్ణయించింది ఆ కుర్రాడి పిడికిలి. సరిగ్గా అక్కడే, కాలరు బొత్తాం కింద, రొమ్ము ఎముక మీద.

అయితే నాది ఆత్మరక్షణ అనుకుందామా అంటే, ఆ మాట కూడా నిలబడలేదు. మెడలో కత్తి వేసుకునేవాళ్ళు గట్టి తాడు వాడకూడదు. లాగితే తెగిపోయే దారమో, ఊడిపోయే పూసల గొలుసో ఉండాలి. లేకపోతే ఏ యంత్రం పట్టాలో చిక్కుకున్నా అది ఉరితాడు అవుతుంది. నేను వేసుకున్నది పారాచూట్ తాడు, దాదాపు 250 కిలోల బరువు మోసే రకం. కాలరు పట్టుకునేవాడికి అంతకంటే మంచి పట్టు నేనే కట్టి ఇచ్చాను. నన్ను నేను కాపాడుకోవడమే నా ఉద్దేశమైతే ఈ సంగతి మొదటి రోజే తట్టేది. ఉక్కు గురించి చదివినదాంట్లో పదో వంతు కూడా తాడు గురించి చదవలేదు.

మరి నాకు కావలసిందేమిటి? చెప్పడం కష్టంగానే ఉంది. ఆ కుర్రాడిలాంటివాడు ఎదురుపడినప్పుడు, నా దగ్గర ఏముందో నీకు తెలియదు అని లోపల అనుకోగలగాలి. ఆ అనుకోవడంలో ఒక తీపి ఉంది. కత్తి తీయాలని నాకు ఎన్నడూ లేదు, దేవుడి తోడు లేదు. తీయకుండా ఉండటంలోనే ఆ తీపి అంతా. స్కాట్లాండు కొండసీమవాళ్ళు మేజోడులో చిన్న కత్తి దోపుకుంటారు, పిడి బయటికి కనబడుతూ ఉంటుంది. ఒకరింటికి పోయినప్పుడు లోపల దాచిన కత్తిని వాళ్ళకు కనబడేలా పెట్టడం మర్యాద, అలా మొదలైందని చెబుతారు. నేను వాళ్ళకు ఎదురు దారిలో నడిచాను.

ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. కత్తి వేసుకున్న మొదటి నెలల్లో నేను చాలా మెత్తబడ్డాను. బస్సులో కాలు తొక్కినవాడికి చోటిచ్చాను. మండీలో గొంతు పెంచినవాళ్ళతో తగ్గి మాట్లాడాను. తోటివాళ్ళు, మీకు శాంతం వచ్చింది అన్నారు. నేనూ నమ్మాను. వయసు తెచ్చిన నిబ్బరం అనుకుని మురిసిపోయాను. ఇప్పుడు తిరిగి చూసుకుంటే, ఆ రోజుల్లో ఎదుటివాడు అరుస్తున్నప్పుడు నా లోపల నడిచినది ఒక్కటే: పాపం, వీడికి తెలియదు. దాన్ని శాంతం అనరు. ఎదుటి మనిషిని చులకన చేయడం అది, పైకి మాత్రం మర్యాదలా కనబడేది. నా జీవితంలో నన్ను అందరూ మెచ్చుకున్న కాలం అదే కావడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

ఈ తీపికి ఒక వంశం కూడా అల్లుకున్నాను. కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారు ఉంది. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మన్నను ఉరి తీసింది అక్కడే. ఇంట్లో తెలుగు మాట్లాడిన పాలెగాడు. 1959లో వచ్చిన శివాజీ గణేశన్ సినిమా మా చిన్నప్పుడు టెంటులో ఎప్పుడు వేసినా వెళ్ళేవాళ్ళం, బయటికి వచ్చేటప్పుడు మా నడకే మారిపోయేది. ఆయనది మా కులం కాదు. మాకూ ఆయనకూ ఉన్నది భాష చుట్టరికమే. ఆ చుట్టరికాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. తెలుగు అక్షరాలు నాకు నలభై ఏళ్ళ వయసులో వచ్చాయి, పట్టుదలతో నేర్చుకున్నాను. ఆ పట్టుదలలో ప్రేమ ఎంతో, కట్టబొమ్మన్న నడక ఎంతో విడదీసి చెప్పలేను.

ఇడైసెవల్ కూడా కోవిల్‌పట్టి పక్కనే ఉంది, కి. రాజనారాయణన్ ఊరు. ఇంట్లో తెలుగు, రాత తమిళం. 1976లో వచ్చిన ఆయన నవల 'గోపల్ల గ్రామం'లో తెలుగు కుటుంబాలు ఈ నల్లరేగడి మీదికి ఎలా వచ్చాయో ఉంది. తమ పిల్ల మీద పాలకుడి కన్ను పడితే ఉన్న ఊరు వదిలి పారిపోయి వచ్చినవాళ్ళు. అడవి నరికి, కాల్చి, పొలం చేసుకున్నారు. కాలేజీ రోజుల్లో అది చదివినప్పుడు నాకు చిన్నతనం అనిపించింది. పారిపోయినవాళ్ళ మనవలమా మేము? వాళ్ళను పక్కన పెట్టి కట్టబొమ్మన్నను దగ్గరికి తీసుకున్నాను. యాభై దాటాక ఇప్పుడు వేరే ప్రశ్న వస్తుంది. ఆ పిల్లను వెంటబెట్టుకుని నడిచినవాళ్ళ దగ్గర కొడవళ్ళు, గొడ్డళ్ళు లేకనా? ఉండే ఉంటాయి. అయినా నడిచారు. పరోటా కొట్లో నేను నవ్వి ఊరుకోవడం కూడా ఆ నడకలాంటిదేనని చెప్పుకుంటే హాయిగా ఉంటుంది. చెప్పుకుని చూశాను. అతకలేదు. వాళ్ళు ఒక పిల్ల కోసం తల వంచారు. నేను ఆ రాత్రి నా పిల్లల వైపు చూడను కూడా లేదు, ఎంతమంది నన్ను చూస్తున్నారోనని చూశాను.

మా ఇళ్ళలో బాలింత తలదిండు కింద ఇనుము పెడతారు, కొడవలో, చాకో. మా చెల్లెలు పుట్టినప్పుడు అమ్మ దిండు కింద తాత చాకే ఉండేది. ఏంటికవ్వా అని అడిగితే అవ్వ ఒక్కటే మాట అనేది: "బయానికి." దాచేది కాదు, వేరే పేరు పెట్టేది కాదు. నా మెడలోదీ తాయెత్తే, రాగిరేకు బదులు స్ప్రింగు ఉక్కు. మరి ఆసారి పుస్తకంలో నేను ఆ ఒక్క మాట ఎందుకు రాయలేకపోయాను? మగవాణ్ణి కాబట్టి అని మొదట తోచింది. అది సగమే. అవ్వ భయం ఇంకా జరగనిదాని గురించి. నాది జరిగిపోయినదాని గురించి. జరిగిపోయినదాన్ని పట్టుకుని వేలాడేదానికి భయమన్న పేరు చెల్లదు. దాని పేరు అక్కసు. ఆ మాట రాయడానికి ఆ గడి చాలదనిపించింది, ఇప్పటికీ చేయి వణుకుతుంది.

మే నెల ఎండల్లో కత్తి తుప్పు పట్టడం మొదలుపెట్టింది. కర్బనపు ఉక్కు ఉప్పు చెమటను ఓర్వదు. రోజూ తుడిచి కొబ్బరినూనె రాయాలి. ఉక్కు గురించి అంత చదివినవాణ్ణి ఆ రెండు నిమిషాల పనికి బద్ధకించాను. నా బనీన్ల మీద, రొమ్ము దగ్గర, గోధుమరంగు మరకలు పడ్డాయి. మా ఆవిడ వాటిని రుద్ది రుద్ది ఉతికింది, ఒక్కసారీ ఏమిటని అడగలేదు. ఒకరోజు బనీను దండెం మీద ఆరేస్తూ, నా వైపు తిరగకుండా, "ఆ పరోటా కొట్టుకు మళ్ళీ పోనేలేదు మనం" అంది. ఇంకేం అనలేదు.

తరువాత మా వాడి సంగతి. 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత కుర్రాణ్ణి, అతని బడిలో చదివే పిల్లలే ఇంటికి వచ్చి కొడవళ్ళతో నరికారు. అడ్డం వచ్చిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రుతో ఏకసభ్య కమిటీ వేసింది. బడిపిల్లలు కులం తెలిసేలా రంగుదారాలు, ఉంగరాలు, బొట్లు పెట్టుకోకూడదని 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఆయన సిఫారసు చేశారు. ఈ వైపు పిల్లలకు ముంజేతి దారం రంగు చూస్తే చాలు, ఎవరెవరో తెలుస్తుంది.

ఒక సాయంత్రం మా వాడి ముంజేతికి రెండు రంగుల దారం కనిపించింది. అందరూ కట్టుకుంటున్నారు అన్నాడు. నేను మండిపడ్డాను. నాంగునేరి చెప్పాను, న్యాయమూర్తి మాట చెప్పాను, చాలా బాగా మాట్లాడానని మాట్లాడుతుండగానే నాకు అనిపించింది. ఇప్పుడే తెంపు అన్నాను. ముడి బిగుసుకుని ఊడి రాలేదు. నేను చొక్కాలోకి చెయ్యి పెట్టి ఒరలోంచి కత్తి లాగి వాడి చేతికిచ్చాను. మొన వాడి మణికట్టు నరం పక్కనుంచి పోతుంటే ఊపిరి బిగబట్టాను. దారం కోసి, అలుగు తుడిచి, పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు. కత్తి అలా అందించాలని నేర్పింది నేనే. ఇచ్చేటప్పుడు వాడు నా ముఖం చూడలేదు. నా మెడలో తాడు చూశాడు.

ఏమీ అనలేదు. అని ఉంటే కోప్పడి తేలికపడేవాణ్ణి. ఆ రాత్రి పడుకుని వాదించుకున్నాను: వాడి దారం గుంపుది, నాది ఒంటరిది. వాడిది నలుగురికీ చూపించేది, నాది దాచేది. ఎంత వాదించినా ఒక చోట ఆగిపోయాను. బస్సు కయత్తారు మీదుగా పోయిన ప్రతిసారీ కట్టబొమ్మన్న విగ్రహం వైపు వేలు చూపించి వాడికి 'మన తెలుగాయన' అని చెప్పింది నేను. 1903లో కామరాజ్ పుట్టిన ఇల్లు విరుదునగర్‌లోనే ఉంది, మా మండీ నుంచి నడిచిపోవచ్చు. ఊరూరా పిల్లలకు బడి, బళ్ళో అన్నం పెట్టించిన మనిషి. ఒక్కసారీ వాణ్ణి అక్కడికి తీసుకుపోలేదు. తీసుకుపోవద్దని ఎన్నడూ అనుకోలేదు. అసలు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం వెతుక్కుంటూ తెల్లవారింది.

ఆర్నెల్ల కిందట ఆసారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. మొన తీసేయమన్నాను. ఎందుకని అడగలేదు. సానచక్రం మీద పెట్టి, ఉక్కు వేడెక్కితే పదును మెత్తబడుతుందని మాటిమాటికీ నీళ్ళలో ముంచుతూ, వీపును కిందికి వాలుగా అరగదీశాడు. కాసేపటి పని. డబ్బులు వద్దన్నాడు. కొత్తగా కొన్నది కాదు కాబట్టి నోటుపుస్తకం తీయలేదు. నా పాత వరస అందులో ఎక్కడో ఉంటుంది. రాసిన మాట ఇప్పటికి నిజమైంది అనుకున్నాను, అనుకుంటూనే అనుమానం వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కత్తిని మా వాడు చదువుకునే బల్ల మీద పెట్టాను. వాడు చూడాలని. మొన లేదని గమనించాలని, నాన్న మారాడని అనుకోవాలని. వాడు పుస్తకం తీసుకోవడానికి దాన్ని కొంచెం పక్కకు జరిపాడు. దాచుకుని అనుభవించిన గొప్పనే ఇప్పుడు బయటపెట్టి అనుభవించాలని చూశానా? ఇది రాస్తుంటే కూడా అదే అనుమానం. ఈ కాగితం కూడా ఆ బల్లే కావచ్చు. రాయకుండా ఉంటే నిజాయితీ అయ్యేదా అంటే, అదీ చెప్పలేను. రాయకుండా ఉన్న ఐదేళ్ళలో నేను నిజాయితీగా ఏమీ లేను.

ఇప్పుడు అది మొలతాడుకు కట్టి పంచె మడతలో ఉంటోంది. నూనె రాస్తున్నాను, కొన్ని రోజులు మరిచిపోతాను. పురికొస బాగా తెగుతోంది, గోనె చిరగడం లేదు. మొన్న మండీలో దించుడు కూలి లెక్క దగ్గర ఒక లారీ డ్రైవరు గొంతు పెంచి మీదికి వచ్చాడు. నా చెయ్యి దానంతట అది లేచింది. నడుము దగ్గరికి పోలేదు, కాలరు బొత్తాం కింద తడిమింది. అక్కడ ఏమీ లేదు. ఆ బొత్తాన్నే పట్టుకుని నిలబడి ఆయన చెప్పేది చివరిదాకా విన్నాను. లెక్కలో తప్పు నాదే.